రెండో బంతి లడ్డూలు

గద్వాల,
2024 జూలై 8

చల్లగుండాలె బిడ్డా లహరీ,

మీ అవ్వ గౌరమ్మ రాస్తున్నది. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, నా గుండె ఒక్కటి తప్ప. నువ్వు ఆ నల్లమల అడవిలోకి పోయిన నాటి నుంచి అది కుదురుగా లేదు. ఫోన్ చేద్దామంటే నీ దగ్గర సిగ్నల్ ఉండదు. ఉన్న రోజు నా చెవి వినదు. మీ నాయిన నరసింహ మగ్గం గుంతలోంచే "రాసుకోరాదే అమ్మా, రాత్రి బడికి పోయి అక్షరాలు నేర్చుకుంటివి గద" అన్నాడు. ఉత్తరమంటే పుస్తకంలో లాగా రాయాలని అప్పట్లో పంతులమ్మ చెప్పింది. అట్లనే రాస్తాను. మధ్యలో కోపమొస్తే మాత్రం నా మాట నాకొస్తది, ఏమనుకోకు.

అక్కడ పులులున్నాయంట, నిజమేనా? ఉంటే ఎంత దూరంలో ఉన్నాయి? రాత్రి గొళ్ళెం పెట్టుకుంటున్నావా? తలుపుకు గొళ్ళెం అసలు ఉన్నదా? వానలు పడుతున్నాయి, దోమలుంటాయి. దోమల సంగతి చూసుకుంటే పులి, పులి సంగతి చూసుకుంటే పాము. ఒక్కదానివి ఎన్నిటిని చూసుకుంటావు?

ఇంకో పరేషాన్ ఉంది. నీ చదువేందో నాకు ఒకరికి చెప్పరాదు. పక్కింటి దేవమ్మ వచ్చి "గౌరక్కా, నీ మనుమరాలు డాక్టరయితుందంట గద, నా మోకాళ్ళకు ఏం మింగాల్నో అడుగరాదు" అంటుంది. నువ్వేమో ఆ డాక్టర్ కాదంటివి. "మరి ఏ డాక్టరు?" అంటే, ఊరంతటినీ కలిపి ఒకేసారి చూసే డాక్టర్ అని చెప్పాను. "ఊరందరికీ మోకాళ్ళున్నయి గద" అన్నది.

నీతో ఇంకో ఇద్దరున్నారంటివి. ఉమ అనే పిల్ల ఇంజనీరు, మల్లికార్జున్ అనే పిలగాడు లెక్కలు. ముగ్గురూ కలిసి పిల్లలకు లడ్డూలు పెడతారంటివి. లడ్డూ పెట్టడానికి ఇంజనీరు ఎందుకు? మీ మేనత్త పెళ్ళికి ఊరంతటికీ నేనే లడ్డూలు చుట్టాను. ఏ ఇంజనీరూ రాలేదు.

వెంటనే జవాబు రాయి. పులికి ఎదురుపడకు.

మీ అవ్వ,
గౌరమ్మ


మన్ననూరు,
2024 జూలై 19

ప్రియమైన అవ్వకు,

నీ ఉత్తరం బడి సారు సంచిలో తడవకుండా చేరింది. తలుపుకు గొళ్ళెం ఉంది. పులి ఇంతవరకు కనబడలేదు. కోతులు కనబడ్డాయి, నా చెప్పు ఒకటి పట్టుకుపోయాయి. ఇప్పుడు ఉమ చెప్పులు వేసుకుంటున్నాను.

మా ముగ్గురి సంగతి అడిగావు. ముగ్గురిదీ పరిశోధనే, కానీ ఒకరి పని ఒకరికి రాదు. నాది ప్రజారోగ్యం. ఒక మనిషి జబ్బు నయం చేయడం కాదు, ఇంతమందికి ఒకే జబ్బు ఎందుకొస్తోంది, రాకుండా ఎట్లా ఆపాలి అని చూడటం. ఈ గూడేల పిల్లల్లో రక్తం తక్కువగా ఉంది. రాగులు, నువ్వులు, బెల్లం, మునగాకు పొడి కలిపిన లడ్డూ రోజుకొకటి పెడితే పెరుగుతుందా అన్నది నా ప్రశ్న.

ఎంత పెరిగిందో తెలియాలంటే కొలవాలి కదా. సూది చూస్తే పిల్లలు అడవిలోకి పరుగెత్తి సాయంత్రానికి గానీ రారు. ఉమ సూది లేకుండా కొలిచే యంత్రం చేస్తోంది. వేలికి క్లిప్పు పెడితే అందులోంచి ఎర్ర వెలుగు పోతుంది, రక్తం ఎంతుందో అంకె పడుతుంది. అదే తన ఇంజనీరింగ్.

మల్లికార్జున్‌ది గణితం. వనపర్తి అబ్బాయి. ఒకచోట పుట్టిన జబ్బు గానీ పుకారు గానీ మనుషుల రాకపోకల వెంట ఎట్లా పాకుతుందో సూత్రాలు కడతాడు. మా పనిలో ఏ గూడెం, ఎంతమంది, ఎప్పుడు కొలవాలి అని తేల్చేది అతనే. రోజంతా గోడవైపు చూస్తూ కూర్చుంటాడు. అది పనే అవ్వా. నేనూ మొదట నమ్మలేదు.

ఇక్కడ ఈతచెట్ల గూడెంలో అంజమ్మ అని ఉంది. వాళ్ళింట్లో తేనె తీస్తారు. "మా రక్తం సరే, నీదెంతుందో జూపియ్యి" అని నన్ను పట్టుకుంది. ఉమ ఇద్దరికీ క్లిప్పు పెట్టింది. నాకంటే అంజమ్మకే ఎక్కువుంది. "ముందు గీ పిల్లకు లడ్డు వెట్టుండ్రే" అని గూడెమంతా ఒకటే నవ్వు.

ఈతచెట్ల గూడెం పిల్లలకు లడ్డూలు మొదలుపెట్టాం. గుట్ట అవతల బండమీది గూడెం ఉంది. వాళ్ళకు దసరా దాటాక పెడతాం. అప్పటిదాకా రెండు గూడేల పిల్లలకూ కొలుస్తుంటాం.

దేవమ్మను మోకాళ్ళకు దవాఖానకు వెళ్ళమను.

నీ మనవరాలు,
లహరి


గద్వాల,
2024 జూలై 30

లహరమ్మకు అవ్వ రాయడం ఏమంటే,

నీ ఉత్తరం మీ అమ్మ పద్మావతి ఒకసారి చదివింది, నేను కూడబలుక్కుంటూ నాలుగుసార్లు చదివాను. ముందు నీ రక్తం సంగతి. పరాయి పిల్లల రక్తం కొలవపోయి నీ రక్తం పోగొట్టుకుంటావా? పాలు తాగు. ఆ లడ్డూలు నువ్వు కూడా తిను. మునగాకు తీసేసి తిను.

ఇక రెండోది. దీనికే నాకు రాత్రి నిద్ర లేదు.

బండమీది గూడెం పిల్లలకు ఎందుకు పెట్టడం లేదు? భోజనాల బంతిలో అందరినీ కూర్చోబెట్టి, ఈ ఆకులో వేసి ఆ ఆకును దాటుకుని పోతారా ఎవరైనా? పోనీ పిలవనన్నా పిలవకుండా ఉంటే ఒక తీరు. పోయి వేలు పట్టుకుని కొలుస్తున్నారాయె! వేలు పట్టినంక చేతుల ఏదన్న వెట్టకుంట ఎట్ల వస్తరే? మీ తాత వడ్డనకు లేస్తే బంతి చివర కూర్చున్నవాడి నుంచి మొదలుపెట్టేవాడు, ఆ చివరివాడు పరాయి ఊరివాడైనా సరే. ఆయన మనవరాలివి నువ్వు.

బంతిలో వలపక్షం చేసినవాళ్ళకు తిన్నది ఒంటబట్టదంటారు. నీకు రక్తం తక్కువున్నది అందుకేనేమో చూసుకో.

ఏ గూడెం ముందు, ఏ గూడెం వెనక అని చెప్పిందెవలు? ఆ పేరు నాకు గావాలె.

కోపంతో కాదు, భయంతో, బుగులుతో రాస్తున్న,
అవ్వ


మన్ననూరు,
2024 ఆగస్టు 10

అవ్వా,

నీ బుగులు నాకు అర్థమైంది. కానీ ఇది పెళ్ళి బంతి కాదు.

వానాకాలంలో అడవిలో ఆకుకూరలు, గడ్డలు దొరుకుతాయి. లడ్డూ తినకపోయినా పిల్లలకు రక్తం కొంచెం పెరగవచ్చు. మరి పెరిగింది అడవి వల్లనా, లడ్డూ వల్లనా? ఒక్క గూడెమే చూస్తే చెప్పలేం. తిన్నవాళ్ళను, ఇంకా తిననివాళ్ళను పక్కపక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది. మరీ తక్కువున్న పిల్లలను, ఏ గూడెం వాళ్ళయినా, మొదటి రోజే దవాఖానకు పంపాం. మందులు నడుస్తున్నాయి.

ఇంకో మాట కూడా తెలుసుకో. ఈ రెండు గూడేలతో అయిపోదు. తేడా స్పష్టంగా కనబడితే అడవిలోని గూడేలన్నిటికీ ఈ లడ్డూలు మంజూరు చేస్తామని అధికారులు అన్నారు. కనబడకపోతే ఎవరికీ రావు. నా నాలుగేళ్ళ చదువు కూడా దానిమీదే నిలబడి ఉంది. బండమీది గూడెం పిల్లలు దసరా దాకా ఆగితేనే మిగతా అందరికీ అందుతాయి.

ఎవరు ముందు అన్నది మేం ఎంచలేదు. ఎంచితే అది వలపక్షమే అయ్యేది. మల్లికార్జున్ కంప్యూటర్లో చీటీ తీశాడు. ఈతచెట్ల గూడెం వచ్చింది. అంతే.

పాలు తాగుతున్నాను.

లహరి


గద్వాల,
2024 ఆగస్టు 26

బిడ్డా లహరీ,

వనపర్తికి పోయి వచ్చాను. కంగారుపడకు, ఎవరినీ కొట్టలేదు.

మా తమ్ముడి కొడుకు కురుమూర్తి నీకు తెలుసు కదా, శ్రీశైలం పోయే బస్సులో కండక్టరు. వాడు ఆ పిలగాడి ఇల్లు కనుక్కుని నన్ను దింపిపోయాడు. మల్లికార్జున్ సెలవులకు ఇంటికొచ్చి ఉన్నాడు. ఇంత సన్నగా ఉంటాడని నువ్వు రాయలేదు. వాళ్ళమ్మ సుగుణమ్మ చాయ్ ఇచ్చింది. చాయ్ చేతిలో పెట్టుకునే అడిగాను.

"చీటీ తీసింది నువ్వేనా?"

"నేనే అవ్వా. అంటే నేను గాదు, కంప్యూటరు."

"చీటీ అంటే దేవుని ముంగట వెట్టి పసిపిల్లతోని తీయించాలె. పసిపిల్లకు నా అన్నోళ్ళు, కానోళ్ళు అని తెల్వదు."

"కంప్యూటరుకు గూడ తెల్వదవ్వా. పసిపిల్ల కన్న అమాయకమైంది."

"గట్లయితే దానికి పాపం పుణ్యెం గూడ తెల్వదు గద!"

పిలగాడు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, నన్ను తీసిపారేయలేదు. తర్వాత "అది నిజమే" అన్నాడు. సుగుణమ్మ సంతోషపడిపోయింది. "ఏడేండ్ల సంది గీని నోట గా మాట ఇనలే" అన్నది. మంచి పిలగాడే. కానీ మంచిపిల్లలు చేసినా తప్పు తప్పే కదా.

శనివారం మల్దకల్ తిమ్మప్ప గుడికి పోయాను. స్వామిని ఒక సంగతి అడిగాను. జవాబు వచ్చింది. ఏం వచ్చిందో రాయను. చేసే ధర్మం నోటితో చెప్పుకుంటే కరిగిపోతుందంటారు.

ఇంట్లో రాగులు, నువ్వులు అయిపోయాయి. మీ అమ్మ ఎలుకలను తిడుతున్నది. తిట్టనీ. కురుమూర్తి బస్సు మీ అడవిలోంచే పోతుంది. చాలా మంచివాడు, ఏ సంచి ఇచ్చినా ఇందులో ఏముందని అడగడు.

వానలో తిరగకు. తల తుడుచుకో.

అవ్వ


మన్ననూరు,
2024 అక్టోబర్ 20

అవ్వా,

ఇన్ని రోజులు రాయలేదని కోపం తెచ్చుకోకు. ఇక్కడ మా ముగ్గురికీ తల తిరిగిపోతోంది.

దసరా ముందు చివరిసారి కొలిచాం. ఈతచెట్ల గూడెం పిల్లలకు రక్తం పెరిగింది. ఆ సంతోషంతో గుట్ట దాటి బండమీది గూడేనికి వెళ్ళాం. అక్కడ ఇంకా మా లడ్డూ ఒక్కటి కూడా దిగలేదు. అక్కడా పెరిగింది! ఈతచెట్ల గూడెం కంటే కొంచెం ఎక్కువే పెరిగింది.

ఉమ యంత్రం చెడిపోయిందనుకుని మొత్తం విప్పేసింది. తన వేలికి పెట్టి చూసింది, నా వేలికి పెట్టి చూసింది, చివరికి అరటిపండుకు కూడా పెట్టి చూసింది. మూడేళ్ళ పని అవ్వా ఇది, పడుకోబోయే ముందు మరలన్నీ ఒక గిన్నెలో వేసి ఏడ్చింది. మల్లికార్జున్ తన లెక్కలన్నీ మొదటి నుంచి చేసుకొస్తున్నాడు. మామూలుగా గోడవైపు చూస్తాడని చెప్పాను కదా, ఇప్పుడు గోడే అతన్ని జాలిగా చూస్తున్నట్టుంది.

మా ప్రొఫెసర్ గారు ఒకటే మాట రాశారు. యంత్రమైనా తప్పయి ఉండాలి, లెక్కయినా తప్పయి ఉండాలి, రెండూ సరైనవే అయితే లడ్డూ దండగ. తిన్నా తినకపోయినా పెరిగిందంటే లడ్డూ వల్ల పెరగలేదనే కదా అర్థం. నెలాఖరుకు అదే రాసివ్వాలి. రాస్తే అధికారులు ఫైలు మూసేస్తారు.

మల్దకల్ వెళ్తే నా కోసం కూడా ఒక మాట అడుగు.

లహరి


గద్వాల,
2024 అక్టోబర్ 29

బిడ్డా,

నీ ఉత్తరం చదివి మొదట నవ్వాను. రెండు గూడేల పిల్లలకూ రక్తం పెరిగితే ఏడ్చేదేముంది, నాలుగు కొబ్బరికాయలు కొట్టాలి కానీ! మళ్ళీ చదివాను. అప్పుడు నవ్వు పోయింది.

ఉమను యంత్రం విప్పొద్దని చెప్పు. యంత్రం మంచిదే. నాకెట్లా తెలుసని అడగొద్దను. మల్లికార్జున్‌ను పడుకోమను, వాడి లెక్క కూడా మంచిదే అయి ఉంటుంది. లడ్డూ దండగ అని మాత్రం చచ్చినా రాయకు. లడ్డూ వల్లనే పెరిగింది. రెండు చోట్లా లడ్డూ వల్లనే పెరిగింది. మీ పెద్ద సారుకు నా మాటగా చెప్పు. గద్వాల గౌరమ్మ చెప్పిందని చెప్పు. వద్దు, నా పేరు చెప్పకు.

గుండె దడదడలాడుతున్నది. మీ నాయిన దవాఖానకు పోదామంటున్నాడు. దవాఖానలో దొరికే జబ్బు కాదిది.

నీకు ఒక మాట చెప్పాలని ఉన్నది. ధర్మం కరిగిపోతుందని ఆగుతున్నాను. నువ్వు అడిగితే చెప్తాను. అడగకు.

అవ్వ


మన్ననూరు,
2024 నవంబర్ 7

అవ్వా,

నిన్న బండమీది గూడెంలో ఒక పాప లడ్డూ తింటూ ఎదురొచ్చింది. మా లడ్డూ కాదు. దాన్ని చుట్టిన గుడ్డ గద్వాల చీర కోటకొమ్మ అంచు ముక్క. మా నాయిన మగ్గం మీది అంచు నేను గుర్తుపట్టలేనా? ఎవరిచ్చారంటే "గద్వాల అవ్వ. బస్సు మామ తెస్తడు" అంది.

అడగకు అన్నావు. అడుగుతున్నాను. ఎప్పటి నుంచి పంపుతున్నావు? వారానికెన్ని? అందులో ఏమేం వేశావు?

ఇంకేమీ రాయబుద్ధి కావడం లేదు.

లహరి


గద్వాల,
2024 నవంబర్ 13

తల్లీ లహరీ,

అంత కోపంలోనూ ఏమేం వేశావని అడిగావు కాబట్టి ముందు దానికే జవాబు. రాగులు, నువ్వులు, బెల్లం, పల్లీలు, యాలకులు. మునగాకు వేయలేదు. లడ్డూలో మునగాకు వేసే మనుషులను నేనెక్కడా చూడలేదు. వినాయక చవితి ముందు నుంచి పంపుతున్నాను. వారానికి ఒక సంచి. పండగ వారం రెండు. బస్సు ఆగే చోటికి బండమీది గూడెం ఆడవాళ్ళు తేనె అమ్మడానికి వస్తారు, కురుమూర్తి వాళ్ళ చేతికిస్తాడు. వాడిని తిట్టకు. ఒక్కసారి మాత్రం అడిగాడు, దేవుని ప్రసాదమన్నాను.

అబద్ధం కాదది. మల్దకల్‌లో నేను చీటీలే వేశాను. ఒకదాని మీద ఈతచెట్ల గూడెం, ఒకదాని మీద బండమీది గూడెం. గుడికొచ్చిన ఒక పసిపిల్లతో తీయించాను. మొదటిసారి ఈతచెట్ల గూడెమే వచ్చింది. శనివారం కదా, గుడి నిండా జనం, స్వామికి నా ప్రశ్న సరిగా వినబడలేదనుకున్నాను. రెండోసారీ అదే వచ్చింది. అప్పుడు గట్టిగా, అరిచినట్టే అడిగి మళ్ళీ తీయించాను. బండమీది గూడెం వచ్చింది. ఇంక దేవుని మాట దాటగలమా?

మల్లికార్జున్‌కు ఈ సంగతి చెప్పకు. వాడు సన్నగా ఉన్నాడు, తట్టుకోలేడు.

నీ చదువు పోతుందా బిడ్డా? నేను వచ్చి మీ పెద్ద సారు ముందు నిలబడతాను. తప్పు నాది, నా మనవరాలికి ఏమీ తెలియదని చెప్తాను. కాగితం మీద రాసిస్తాను, వేలిముద్ర కాదు, సంతకమే చేస్తాను. జైల్లో వేస్తారంటే మందుల సంచి సర్దుకుని వస్తాను.

నిన్న మగ్గానికి నూలు కండెలు చుడుతున్నాను. రాట్నం తిరుగుతుంటే ఒక ఆలోచన వచ్చింది. ఆ పిల్లలకు కొన్నాళ్ళు లడ్డూ మానిపిస్తే రక్తం మళ్ళీ తగ్గుతుంది కదా, తగ్గితే నీ లెక్క సరిపోతుంది కదా అని. ఇది నేనే అనుకున్నానా? రాట్నం ఆపేశాను. నీ చదువు కోసం పరాయి పిల్లల రక్తం తగ్గాలనుకున్న ముసలిది, బంతి గురించి నీకు నీతులు చెప్పింది!

మరొక్కటి. మిగతా గూడేలన్నిటికీ రావాల్సిన లడ్డూలు నా ఒక్క సంచి వల్ల ఆగిపోతాయని నువ్వు ఆగస్టులోనే రాశావు. ఇప్పుడు మళ్ళీ తీసి చదివితే అర్థమైంది. నేను బంతిలో ఒక ఆకుకు వడ్డించాననుకున్నాను. మొత్తం బంతినే లేపేశానా బిడ్డా?

తిట్టినా సరే, రాయి.

అవ్వ


మన్ననూరు,
2024 నవంబర్ 28

మా అవ్వకు,

జైలు లేదు. మందుల సంచి విప్పెయ్యి.

నీ ఉత్తరం వచ్చిన రోజు నేను అంజమ్మ గుడిసె ముందు కూర్చుని నిన్ను తిట్టుకుంటున్నాను. పైకే తిట్టుకుంటున్నాను. అంజమ్మ విని అడ్డుపడింది.

"గా అవ్వను ఎందుకు తిడ్తవ్? గామె కన్న ముందుగాల మా పోరగాండ్లే గద సగం కట్టుకవోయింది."

"ఎక్కడికి?" అన్నాను.

"బండమీదికి. ఆడ మా అన్నలు లేరా? మేనల్లుండ్లు ముంగట గూసుంటే మా పోరలు ఒక్కలే మింగుతరా?"

మొదటి వారం నుంచే సగం లడ్డూలు గుట్ట దాటుతున్నాయట అవ్వా! నేను వారం వారం వచ్చి రాసుకున్నాను కదా, మరి నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"పిల్లలు తిన్నరా అని అడిగినవ్. తిన్నరని జెప్పినం. ఏ పిల్లలు అని నువ్వు అడుగలే."

నీ లడ్డూలు మొదలయ్యాక అవి కూడా సగం ఇటు వచ్చాయట. "మీది మందు లెక్కుంటది. అవ్వది లడ్డు లెక్కుంటది" అంది. మా పిల్లలు మా రెండు లడ్డూలిచ్చి నీది ఒకటి తీసుకుంటున్నారట. ఇదంతా నేను పరిశోధన చేస్తున్న చోట, నా కళ్ళ ముందే జరిగింది. రెండు గూడేలకూ వియ్యాలున్నాయా అని ఒక్కసారైనా అడగని తప్పు నాది. నీ సంచి రాకపోయినా ఈ లెక్క చెడిపోయేదే.

ఉమ యంత్రాన్ని మళ్ళీ బిగించింది. ఒక మర మిగిలింది, అయినా పనిచేస్తోంది. నిజమే చెబుతూ వచ్చిందని తెలిశాక దానికి బొట్టు పెట్టింది. మల్లికార్జున్ సంగతి వినాలి. మనుషుల వెంట ఒక వస్తువు ఎట్లా పాకుతుందో ఇన్నేళ్ళు కాగితం మీద ఊహించాడు. ఇప్పుడు లడ్డూలు నిజంగా గుట్ట దాటి అటూ ఇటూ పాకాయని తెలిసి గూడెంలో పిల్లలందరినీ కూర్చోబెట్టి ఎవరు ఎవరికిచ్చారో గీతలు గీసుకుంటున్నాడు. ఇంత సంతోషంగా అతన్ని ఎప్పుడూ చూడలేదు. మూడుసార్లు చీటీ తీయించిన సంగతి మాత్రం నా నోరు జారింది. అప్పటి నుంచి కొంచెం దిగులుగా ఉన్నాడు. రెండుసార్లయినా అర్థం చేసుకునేవాణ్ణి అంటున్నాడు.

ప్రొఫెసర్ గారికి అంతా ఉన్నదున్నట్టు రాశాను, నీ యాలకులతో సహా. ఉన్నదున్నట్టు రాశావు కాబట్టి మళ్ళీ చెయ్యి అన్నారు. ఇంకో ఏడాది పడుతుంది. అధికారులు ఫైలు మూయలేదు, పక్కన పెట్టారు. ఈ రెండు గూడేలకూ ఇప్పుడు లడ్డూలు వస్తున్నాయి. ఈసారి ఒకరికొకరు చుట్టాలు కాని గూడేలు, దూరదూరంగా ఉన్నవి వెతికాం. కొన్నింటికి ముందు, కొన్నింటికి నాలుగు నెలలాగి. పేర్లు నీకు చెప్పను.

నువ్వు నాకు మాట ఇవ్వాలి. సంచి పంపకూడదు. పంపితే ఇదే చివరిసారి, ఇంకో ఏడాది ఎవరూ ఇవ్వరు, అడవిలో మిగతా పిల్లలకు లడ్డూ ఎప్పటికీ రాదు. నాకు మాత్రం సులువనుకున్నావా? ఆగాల్సిన పిల్లల వేలు పట్టుకుని కొలిచి, చేతిలో ఏమీ పెట్టకుండా లేచి రావాల్సింది నేనే. నువ్వు జూలైలో రాసిన మాట ప్రతిసారీ గుర్తొస్తుంది. గుర్తొచ్చినా లేచి రావాలి.

మాట ఇస్తావా?

లహరి


గద్వాల,
2024 డిసెంబర్ 9

నా బంగారు తల్లికి,

మాట ఇస్తున్నాను. మీ నాయిన ముందు, మగ్గం మీద చెయ్యి వేసి ఇస్తున్నాను.

పేర్లు చెప్పకు. అక్షరం కూడా చెప్పకు. నేను బలహీనమైన దాన్ని, తెలిస్తే చెయ్యి ఆగదు. కురుమూర్తిని కూడా అడగనని ఒట్టు పెట్టుకున్నాను. వాడు నన్ను చూస్తేనే బస్సు లోపలి వైపుకు జరుగుతున్నాడు.

అంజమ్మకు నా దండాలు చెప్పు. పల్లీలు కొంచెం వేయించి వేస్తే లడ్డూలు ఇంకా బాగుంటాయని కూడా చెప్పు. ఇది చెప్పొచ్చు కదా? లెక్క చెడదు కదా? చెడితే చెప్పకు.

ఈ మాట ఇవ్వడానికి నాకు వారం పట్టింది. ఆగే పిల్లలు ఆగుతుంటే నేను ఇక్కడ కూర్చుని ఎట్లా తింటాను? అందుకని ఒక నిర్ణయం చేసుకున్నాను. వాళ్ళ ఆకులో లడ్డూ పడేదాకా నేను తీపి ముట్టను. నీకు ఏమన్నా పెట్టాలనుకుంటే ఉప్పుది, కారంది పంపుతాను. దేవమ్మ కూతురికి శ్రీమంతమైంది, ఇంత అరిసె ముక్క కూడా నోట్లో వేసుకోలేదు. "చక్కెర బీమారి వచ్చెనా గౌరక్కా?" అని వాడంతా చెప్పుకొచ్చింది. చెప్పుకోనీ. మీ నాయిన "మేమేం జేసినమే అమ్మా, మాకన్న చేసిపెట్టు" అన్నాడు. చేసిపెడతాను, నేను తినను.

మల్లికార్జున్‌కు కూడా కార్డు రాశాను. చీటీ తీసినవాడు తింటూ కూర్చోవడం ధర్మం కాదని. ఆ పిలగాడు నిజంగానే మానేశాడంట! సుగుణమ్మ ఫోన్ చేసి మీ నాయినతో "మా పిలగాడే సన్నగుండె, మీ అమ్మ ఇంకింత సన్నగ జేస్తున్నది" అని మొత్తుకున్నది. సెలవుకు ఇంటికొచ్చిన వాడేమో పక్క నుంచి, నాలుగో నెల చివర తీపి మీద ఎవరికి ఎక్కువ ఆశ పుడుతుందో కొలవొచ్చు అన్నాడంట. నాకు నచ్చాడు వాడు. అందులో వేరే అర్థం ఏమీ లేదు, ఊరికే రాశాను.

నువ్వు మాత్రం మానకు. నీకు రక్తం తక్కువ. మునగాకు ఉన్నా సరే, కళ్ళు మూసుకుని మింగు.

వేలు పట్టుకుని లేచి వచ్చేటప్పుడు ఆ పిల్లలకు ఒక మాట చెప్పు బిడ్డా. గద్వాలలో ఒక ముసలవ్వ కూడా ఖాళీ ఆకు ముందర పెట్టుకుని మీతోనే కూర్చున్నదని చెప్పు. వడ్డించేది నువ్వు. ఆలస్యంగా పెట్టు, పరవాలేదు. ఏ ఆకునూ దాటిపోకు. మేం లేవం.

రెండో బంతి నుంచి,
మీ అవ్వ గౌరమ్మ